రెండు పేర్లు, ఒక నంబరు

ఖలందర్ తెల్ల వైరు తెచ్చి
మౌలాలి ఫోన్ను నా కంప్యూటరుకు కట్టినాడు,
మేకపిల్లను గుంజకు కట్టినట్టు.
"ఇంక మీ ఇద్దరి లెక్కా ఒకటే పెద్దమ్మా" అన్నాడు.
పద్నాలుగేండ్లుగా కానిది
వైరుతో అవుతాదంటే
టీ పెట్టిచ్చినా.

ఎర్రముక్కపల్లిలో మాది టెంట్ హౌసు.
కుర్చీలు, జంఖానాలు, డేగిసాలు, నాలుగు రంగుల షామియానాలు.
బయట మాట్లాడేది ఆయన, లోపల రాసేది నేను.
ఆయన బుకింగులు ఆయన జేబులో, నావి నా టేబుల్ మీద.
పోయిన కార్తీకంలో అవే వంద కుర్చీలు
చిన్నచౌకులో సీమంతానికీ నబీకోటలో నిఖాకూ
ఒకే పూటకు ఒప్పుకున్నాం.
రెండు చోట్లా సగం మంది నిలబడే తిన్నారు.

తెరమీద గుండ్రం తిరిగింది, తిరిగింది.
కరెంటు పోయి మళ్లా మొదట్నుంచి తిరిగింది.

ముందు ముహూర్తాలు జరిగినాయి.
జరిగినాయంటే అయిపోయినాయని కాదు,
పక్కకు జరిగినాయి.
దేవుని కడప పెండ్లి
ఆయన ఫోన్లో శుక్రవారం తెల్లవారి నాలుగూ ముప్పై రెండు,
నా దాంట్లో గురువారం రాత్రి పదకొండూ రెండు.
నేను నా దాన్నే నమ్మినా.
పిలకాయలు బుధవారమే గుంజలు మోసుకపోతే
ఆ ఇంటామె పిండి చేతులతో బయటికొచ్చి
"ఎవరింటికి నాయనా?" అనిందంట.
ఖలందర్ చూసి చెప్పినాడు,
ఈ పెట్టె ఇంకా లండన్ టైములోనే ఉండాదని.
కొన్న రోజు నుంచీ కడప ఎండలో కూర్చోని
లండన్లో బతుకుతా ఉండాది, ఎవరికీ చెప్పకుండా.

తర్వాత పేర్లు.
ఒకే నంబరుకు రెండు పేర్లుండాయి, కలపమంటావా అని అడిగింది.
నేను "ఓబుళరెడ్డి సారు, శంకరాపురం" అని రాసుకున్న మనిషి
ఆయన ఫోన్లో "కుర్చీలు ఎగ్గొట్టినోడు".
కరెంటు పని జయరాజు అక్కడ "ఎత్తడు".
వంట మాస్టరు వెంకటసుబ్బన్న "ఉప్పు చెప్పాల".
మరియాపురం ఫాదరుగారు మాత్రం రెండిట్లోనూ ఫాదరుగారే.
సరే, సరే, సరే నొక్కుతా పోయినా.
ఏ పేరు నిలుస్తాదో ఎవరు చూసినారు?
వారానికి బిల్లు అచ్చయి కవర్లో పోయింది:
"కుర్చీలు ఎగ్గొట్టినోడు గారికి,
బాకీ ఎనిమిది వందల అరవై."
నాలుగేండ్లు ఆ వాకిలి చుట్టూ తిరిగినాడు మౌలాలి.
మర్నాడు పొద్దున్నే ఆటోలో పదకొండు కుర్చీలు దిగినాయి.
వాటిలో ఒకటి మాది కాదు.

సరిచేయమని ఖలందర్ని మళ్లా పిలిస్తే
ఈసారి నా వంతు వచ్చింది.
ఆయన ఫోన్లో నేను "షాపు".
నొచ్చుకోలేదు. నా దాంట్లో ఆయన "గోడౌన్".
కింద "షాపు 2", అదీ నేనే, రెండో సిమ్ము.
దస్తగిరమ్మ అనే పేరు రెండు యంత్రాల్లో యాడా లేదు.
ఇంకా కింద,
పాత బటన్ల ఫోన్నుంచి సిమ్ముతో పాటు ఎక్కొచ్చి,
"మైదుకూరు".
పేరు లేదు, ఊరే.
నిశ్చయానికీ నిఖాకూ నడుమ నాలుగు నెలలు
మిద్దె మీద, ఆరేసిన దుప్పట్ల వెనక కూర్చోని
పది రూపాయల రీచార్జితో మాట్లాడిన నంబరు.
నాకే గుర్తులేని నా పది అంకెలు.

చేసి చూసినా.
ఎవరో ఆడపిల్ల ఎత్తింది, వెనక కుట్టుమిషను చప్పుడు.
"ఎవరు కావాల?"
ఏం చెప్పాల? పెట్టేసినా.

"మూడూ నువ్వే కదా పెద్దమ్మా, కలిపేద్దునా?"
"షాపులు రెండూ కలుపు. ఆ ఊరిని ఉండనీ."

రాత్రికి వైరు పీకి ఫోను ఆయన జేబులో ఏసినా.
రేపు నబీకోటలో పొద్దున ఐదింటికి గుంజలు దిగాల.
ఫోన్లో చూసినా, ఐదు.
పెట్టెలో చూసినా, ఐదు.
అయినా ఒక కాగితమ్ముక్క మీద రాసి
తలుపుకు అంటించినా.